శిఖరము పేరిట ఒక పొరపాటు

దేవాలయముపై సూదిమొనవలె నిలుచు శిఖరమును ఆంగ్లేయులు ‘స్పైర్’ అందురు. ఆ మాట ‘స్పిరిట్’, అనగా ఆత్మ, అను పదమునుండి పుట్టినదని కొందరు బోధకులు చెప్పుదురు. వినుటకు ఇంపే గాని నిజము కాదు. ప్రాచీనాంగ్లములో దానికి మొలక, గడ్డిపరక అని అర్థము. యెషయా 40వ అధ్యాయమునందలి గడ్డిని తలంచినయెడల, ఈ అర్థము ప్రసంగమునకు తక్కువైనదా?

‘స్టీపుల్’ అనగా ఎత్తయినది, అంతే. ‘బెల్‌ఫ్రీ’ అను గంటగోపురపు పేరే వింత. మొదట అందులో గంటయే లేదు. పాత ఫ్రెంచిలో అది ముట్టడివేళ కోటగోడ యొద్దకు నెట్టుకొనిపోవు కొయ్యగోపురము. తరువాత కావలిగోపురమునకు ఆ పేరు వచ్చెను. గంటను ‘బెల్’ అందురు గనుక ఆంగ్లేయుల నోట ‘బెర్’ కాస్త ‘బెల్’గా స్థిరపడెను.

‘స్పిరిట్’ మాట నేనును ఒకప్పుడు ప్రసంగపీఠమునుండి చెప్పితిని. సంఘము సంతోషముతో తలయూచెను. నిఘంటువు చూచిన తరువాతి ఆదివారము అదే పీఠమునుండి తప్పు ఒప్పుకొంటిని.