బ్యాచ్ పాసవ్వాలంటే

రాజీవ్ రహదారి మీద అల్వాల్, తూంకుంట దాటి, శామీర్‌పేట మీదుగా తుర్కపల్లి వైపు వెళుతుంటే కంపెనీ బస్సులు ఎదురవుతుంటాయి. షిఫ్టు దిగినవాళ్లు కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంటారు. వాళ్లలో సైంటిస్టు ఎవరో, ఫెర్మెంటర్ ఆపరేటర్ ఎవరో, ప్యాకింగ్ సెక్షన్ ఎవరో ముఖం చూసి చెప్పలేం. పత్రికల్లో మాత్రం ఆ తేడా బాగానే తెలుస్తుంది. టీకా కనిపెట్టినవాళ్ల ఫొటో మొదటి పేజీలో పడుతుంది. అదే టీకాను వందకు వందసార్లూ ఒకేలా తీసేవాళ్ల ఫొటో ఎక్కడా కనిపించదు.

కనుక్కోవడం పరిశోధన, తయారుచేయడం ఫ్యాక్టరీ పని అన్న లెక్క మనకు బాగా అలవాటైపోయింది. ప్రభుత్వం పరిశోధనకిచ్చే డబ్బు కూడా చాలాకాలం ఆ లెక్కనే నడిచింది. మేడ్చల్, శామీర్‌పేటల్లో గత పాతికేళ్లకు పైగా జరిగింది చూస్తే ఆ లెక్క నిలవదు. ఇక్కడ అసలు కష్టం, అసలు తెలివి రెండూ ట్యాంకు దగ్గరే ఖర్చయ్యాయి.

మేడ్చల్‌తోనే మొదలుపెడదాం. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్. 1993లో ఆయన మేడ్చల్ టీకా కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు హెపటైటిస్-బి టీకా బయటి దేశాల నుంచే రావాలి, మధ్యతరగతి ఇళ్లకు కూడా దాని ధర అందేది కాదు. శాంతా పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీ ల్యాబులో మొదలై, తర్వాత కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ప్రాంగణానికి మారింది. రెండూ ప్రజల డబ్బుతో నడిచేవే. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి మార్కెట్‌లోకి వచ్చింది. జన్యు ఇంజినీరింగ్ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. కేంద్రం 1996లో నెలకొల్పిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు తొలిరోజుల్లో అప్పిచ్చిన కంపెనీల్లో శాంతా ఒకటి. ఆ బోర్డు పని పేపర్లు రాయించడం కాదు. ల్యాబులో తేలినదాన్ని సరుకుగా మార్చడానికి డబ్బివ్వడం.

ఆ మార్చడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరికెళ్లి చూద్దాం.

శాన్‌వాక్-బిని తయారుచేసేది పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్. దీని కథ తమాషాగా ఉంటుంది. 1970ల్లో అమెరికాలో ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ దీన్ని పశువుల దాణా కోసం పెంచాలనుకుంది. మిథనాల్ తిని ఇబ్బడిముబ్బడిగా పెరగడం దీని గుణం. దాణా వ్యాపారం గిట్టుబాటు కాలేదు కానీ, ఈస్ట్ మాత్రం ప్రోటీన్లు తయారుచేసే పనికి భేషుగ్గా కుదిరింది. హెపటైటిస్-బి వైరస్ పైపొరలోని ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును దీంట్లో పెడతారు. మిథనాల్ ఇవ్వగానే ఈస్ట్ ఆ ప్రోటీన్ తయారుచేయడం మొదలెడుతుంది. ఫ్లాస్కులో ఇదంతా ముచ్చటగా సాగిపోతుంది.

ట్యాంకుకు ఎక్కించినప్పుడే తంటా. నలుగురి వంట కొలతల్ని నూరుతో హెచ్చవేస్తే పెళ్లి వంట అయిపోదని ఏ వంటమేస్త్రిని అడిగినా చెబుతాడు. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే లోపల పట్టేది ఎనిమిదింతలవుతుంది, గోడల వైశాల్యం మాత్రం నాలుగింతలే. ఈస్ట్ మిథనాల్ తింటున్నంతసేపూ వేడి పుట్టిస్తుంది. వేడి పుట్టేది లోపలున్న సరుకంతటి నుంచీ, బయటికి పోవాల్సింది ప్రధానంగా గోడ గుండా. అందుకే ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ చల్లటి నీటి జాకెట్లు, కాయిల్సు, చిల్లర్లు. హైదరాబాద్ మే నెలలో ఆ చిల్లర్ల మీద ఎంత భారం పడుతుందో యుటిలిటీ సెక్షన్ వాళ్లను అడగాలి. ఇంకో పక్క ఆక్సిజన్ గొడవ. ఈస్ట్‌కు అది విపరీతంగా కావాలి. అందుకని గాలి పెంచి, లోపలి రెక్కల్ని వేగంగా తిప్పితే నురగ లేస్తుంది. నురగ అణచడానికి యాంటీఫోమ్ వేస్తే ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది. ఒక చిక్కు విప్పితే ఇంకో చిక్కు బిగుసుకుంటుంది. ఇవేవీ జీవశాస్త్రం ప్రశ్నలు కావు. పంపులు, వాల్వులు, ఉష్ణ ప్రసారం, కంట్రోల్ సిస్టమ్స్ ప్రశ్నలు.

మిథనాల్ ఎంత వేగంగా ఇవ్వాలన్నది అన్నిటికంటే నాజూకైన విషయం. తక్కువైతే ప్రోటీన్ రాదు, ఎక్కువై పేరుకుపోతే ఈస్ట్‌కే విషం. ఆ పని తెలిసినవాళ్లు దీనికో చిన్న పరీక్ష చేస్తారు. మిథనాల్ పంపు కాసేపు ఆపి, తెర మీద కరిగిన ఆక్సిజన్ గీతను చూస్తారు. గీత ఠక్కున పైకి లేచిందా, కణాలు ఇచ్చింది ఇచ్చినట్టు తినేస్తున్నాయి, ఆకలి మీదున్నాయి. ఆలస్యంగా లేచిందా, లోపల తిండి మిగిలిపోతోంది. వెంటనే పంపు మళ్లీ వేస్తారు. ఇప్పుడు ఈ పనంతా కంట్రోలరే చూసుకుంటుంది, ప్రోబ్ చెప్పినదాన్ని బట్టి పంపు వేగం తానే మారుస్తుంది. అయితే ఆ ప్రోబ్ రోజుల తరబడి ఆ చిక్కటి ద్రవంలోనే మునిగి ఉంటుంది. దాని లెక్క మెల్లగా పక్కకు జరగడం మామూలే. నంబరు బాగానే ఉంది కానీ బ్యాచ్ తీరు బాగాలేదని పసిగట్టాల్సింది రాత్రి షిఫ్టులో తెర ముందు కూర్చున్న మనిషే. ఆటోమేషన్ ఆ మనిషిని తీసేయలేదు. వాల్వు తిప్పే పని మాన్పించి, అనుమానించే పని అప్పగించింది.

ఈ విద్య ఏ కాలేజీలోనూ పూర్తిగా దొరకదు. హైదరాబాద్‌కు ఇది రావడానికి వేరే దారి ఉంది. ఇప్పటి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనే ఉన్న బాలానగర్‌లో సోవియట్ సాయంతో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వెలిసింది. కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించడానికి ముందు పనిచేసింది అక్కడే. లాభనష్టాల ఖాతాలో ఐడీపీఎల్ నష్టాల కంపెనీగానే మిగిలింది. రియాక్టరు నడపడం వచ్చిన కెమిస్టులు, ఇంజినీర్లు ఆ గేటు దాటి ఊరంతా పరుచుకుని ఎన్ని కంపెనీలకు ప్రాణం పోశారో ఆ ఖాతాలో రాసుకునే గడి లేదు. ప్రభుత్వ పెట్టుబడి మీద వచ్చిన రాబడిలో ఇదే పెద్దదని ఈ కాలమ్ అభిప్రాయం.

తయారీ ఎంత సూక్ష్మమైన వ్యవహారమో శాంతాయే తర్వాత తెలుసుకుంది. ఐదు జబ్బులకు ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చే శాన్-5 టీకాకు 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దొరికింది. మరుసటి ఏడాది కంపెనీ ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. 2010లో ఆ గుర్తింపు పోయింది. కారణం, కొన్ని వయల్స్ లోపలి గోడలకు తెల్లటి మడ్డి అంటుకుని కనిపించడం. ఫార్ములాను సవరించి, మళ్లీ పరీక్షలన్నీ దాటి గుర్తింపు తిరిగి తెచ్చుకునేసరికి 2014 వచ్చింది. గాజుకు అంటిన మడ్డి ఖరీదు దాదాపు నాలుగేళ్లు! వయల్‌ను చూడ్డం కూడా ఒక విద్యే. చేత్తో తనిఖీ చేసేచోట యూరోపియన్ ఫార్మకోపియా పద్ధతి ఇది: వయల్‌ను బుడగలు లేవకుండా మెల్లగా తిప్పి, తెల్ల పలక ముందు ఐదు సెకన్లు, నల్ల పలక ముందు ఐదు సెకన్లు చూడాలి. నల్లటి నలుసు తెలుపు మీద, తెల్లటి నలుసు నలుపు మీద దొరుకుతుంది. పెద్ద లైన్లలో ఇప్పుడు కెమెరాలు వచ్చాయి. ఏది నలుసో, ఏది బుడగో ఆ కెమెరాకు నేర్పాల్సింది మాత్రం ఆ పలకల ముందు కూర్చుని కళ్లు కాయలు కాచినవాళ్లే.

ఇక శామీర్‌పేట వైపు. ఎయిమ్స్‌లో 1985-86లో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ బృందానికి అప్పుడే పుట్టిన పిల్లల్లో ఒక రోటావైరస్ రకం దొరికింది. ఆ పిల్లలకు వైరస్ సోకింది కానీ విరేచనాలు లేవు. దాని పేరు 116ఇ. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్, పాత్ అనే స్వచ్ఛంద ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్ తలా ఒక చెయ్యి వేయగా, శామీర్‌పేట ప్రాంతంలోని బయోటెక్ సముదాయం జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ దాన్ని రోటావాక్‌గా మలిచింది. టీకా విడుదలైంది 2015 మార్చి 9న. 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఎయిమ్స్ వార్డు నుంచి ఆంధ్ర పల్లెలోని అంగన్‌వాడీ దాకా ముప్పై ఏళ్లు! మొదటి రోటావాక్‌ను ఫ్రీజర్‌లో దాచాలి. మామూలు ఫ్రిజ్ చలికి తట్టుకునే రకం తర్వాత వచ్చింది. ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌కు దిగిన ఆ మెట్టును వార్తగా ఎవరూ రాయలేదు. సబ్‌సెంటర్‌లో కరెంటు పోయినప్పుడు ఏఎన్ఎంకు తెలుస్తుంది దాని విలువ.

ముప్పై ఏళ్ల పనిని ఏడాదిలో చేయమంటే ఏమవుతుందో భారత్ బయోటెక్ వారి కొవిడ్ టీకా కొవాగ్జిన్ చూపించింది. వైరస్ ఇచ్చింది ఐసీఎంఆర్‌కు చెందిన పుణె వైరాలజీ సంస్థ. టీకాలో కలిపిన, రోగనిరోధక స్పందన పెంచే పదార్థం వెనక ఎన్ఐహెచ్ నిధులున్నాయి. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి. ఆ ఏప్రిల్‌లో కేంద్రం మిషన్ కొవిడ్ సురక్ష కింద సామర్థ్యం పెంచడానికి గ్రాంట్లు ప్రకటించింది: భారత్ బయోటెక్ బెంగళూరు ప్లాంటుకు దాదాపు రూ.65 కోట్లు, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌కు రూ.60 కోట్లు, మరో రెండు ప్రభుత్వ రంగ సంస్థలకు ఇంకొంత. నెలకు కోటి డోసులు సెప్టెంబరుకల్లా దాదాపు పది కోట్లవుతాయన్నారు. ఆగస్టు మొదట్లో పార్లమెంటుకు చెప్పిన లెక్క నెలకు రెండున్నర కోట్లు. బెంగళూరులో తొలి బ్యాచ్‌లు నాణ్యతలో నిలవలేదని టీకాలపై కేంద్రానికి సలహాలిచ్చే నిపుణుల బృందంలోని డాక్టర్ ఎన్.కె. అరోరా టీవీలోనే చెప్పారు.

అందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఒక బ్యాచ్ మొదలుపెట్టిన నాటి నుంచి బయటికి రావడానికి 120 రోజులు పడుతుందని కంపెనీ మే నెలలోనే ప్రకటించింది. ప్రాణమున్న కరోనా వైరస్‌ను కట్టుదిట్టమైన భద్రత ఉండే బీఎస్ఎల్-3 గదుల్లో, కణాల మీద పెంచి, చంపి, శుద్ధిచేసి, అది నిజంగా చచ్చిందని రుజువు చేసుకుని, ఆ తర్వాత వయల్‌లో నింపాలి. ఏప్రిల్‌లో చెక్కు ఇచ్చి సెప్టెంబరులో పది రెట్లు అడగడం ఈ పని తెలిసినవాళ్లు వేసే లెక్క కాదు. పైగా ప్రతి బ్యాచ్ నమూనా హిమాచల్‌లోని కసౌలీ ప్రభుత్వ ల్యాబుకు వెళ్లి పాసై రావాల్సి వచ్చేది. ఆ ఆగస్టులో గచ్చిబౌలిలోని జంతు బయోటెక్నాలజీ పరిశోధన సంస్థ ఎన్ఐఏబీని, పీఎం కేర్స్ డబ్బుతో సిద్ధంచేసి, కొవిడ్ టీకాల పరీక్షా కేంద్రంగా గుర్తించారు. ఆ ఏడాది పెట్టిన ఖర్చుల్లో మెచ్చుకోదగ్గది ఇదే అనిపిస్తుంది. నమూనాకు ప్రయాణం తప్పింది. కథ అక్కడితో ఆగలేదు. 2022 మార్చి తనిఖీలో తయారీ పద్ధతుల్లో లోపాలు కనిపించాయని, ఏప్రిల్ 2న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐక్యరాజ్య సమితి ద్వారా జరిగే కొవాగ్జిన్ సరఫరాను నిలిపేసింది. టీకా పనితనం మీద, భద్రత మీద ఫిర్యాదు లేదు. ప్లాంటును సరిచేసుకోమంది.

అదే సమయంలో శామీర్‌పేట దగ్గరే బయోలాజికల్-ఇ కంపెనీ కోర్బెవాక్స్ అనే కొవిడ్ టీకా తీసింది. డిజైన్ అమెరికాలోని టెక్సస్ నుంచి వచ్చింది. కేంద్రం రూ.100 కోట్లకు పైగా గ్రాంటు ఇచ్చింది. ప్రోటీన్ తయారుచేసింది ఎవరనుకున్నారు? మళ్లీ మన పికియా పాస్టోరిస్. 1997లో మేడ్చల్ నేర్చుకున్న ఈస్టే 2021లో పక్క మండలంలో పనికొచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ తమిళనాడులోని చెంగల్‌పట్టులో ఉంది. 2012లో రూ.594 కోట్ల అంచనాతో కేంద్రం మంజూరుచేసిన టీకాల సముదాయం కొవిడ్ ముంచుకొచ్చిన 2021లో ఒక్క డోసూ తీయకుండా ఖాళీగా ఉంది. నడపడానికి టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు. అంతకుముందు 2008లో కసౌలీ, కూనూర్, గిండీల్లోని ప్రభుత్వ టీకా సంస్థల లైసెన్సులు తయారీ ప్రమాణాలు అందుకోలేదని సస్పెండయ్యాయి. భవనానికీ పరికరాలకూ డబ్బు దొరికినంత సులువుగా, పాత లైనును ఏటా సరిచేసుకోవడానికీ, ఆపరేటర్‌కు పని నేర్పడానికీ దొరకదు.

జీనోమ్ వ్యాలీలో బి-హబ్ పేరుతో స్కేలప్ కేంద్రం పెడతామని తెలంగాణ ప్రభుత్వం 2020లో ప్రకటించింది. చిన్న కంపెనీలు సొంత ట్యాంకులు కొనకుండానే బ్యాచ్ నడిపి చూసుకునే చోటు ఉండాలన్న ఆలోచన మంచిదే. అలాంటి చోట శామీర్‌పేటలోనే ఉన్న బిట్స్ క్యాంపస్ కెమికల్ ఇంజినీరింగ్ పిల్లలకూ, చుట్టుపక్కల పాలిటెక్నిక్ కుర్రాళ్లకూ ఏడాదిలో కొన్ని ట్యాంకు గంటలు రాసిపెట్టాలి. ఇంకో షరతు కూడా పెట్టొచ్చు. ప్రజల డబ్బుతో నడిచిన బ్యాచ్ ఫెయిలైతే, ఏ గంటకు ఏ గీత పక్కకు జరిగిందో ఆ రికార్డు కంపెనీ పేరు తీసేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. కంపెనీలు ఒప్పుకోవని అంటారు. అప్పిచ్చేటప్పుడు కాగితంలో రాయించుకుంటే ఎందుకు ఒప్పుకోరు?