పటం కట్టే పనితనం

తెలంగాణ ఊళ్లలో చాలామంది బొమ్మను నిలబడి తీరిగ్గా చూసే మొదటి చోటు ఫ్రేముల కొట్టు. నిజామాబాద్ జిల్లా కోటగిరి లాంటి మండల కేంద్రం నుంచి సమకాలీన చిత్రకారుల అసలు పనిని చూడాలంటే హైదరాబాద్ బస్సెక్కి మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకో, బంజారాహిల్స్‌లోని గ్యాలరీలకో పోవాలి. ఊళ్లో ఫ్రేము కట్టేవారి దగ్గరికి వచ్చేవి పెళ్లి ఫొటోలు, దేవుని పటాలు, కాలం చేసిన పెద్దల ఫొటోలు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి రాతి అచ్చు మీద రంగుల బొమ్మలు తీయించాక లక్ష్మీ సరస్వతులు సామాన్యుల ఇళ్ల గోడలెక్కారు. అద్దం బిగించిన పటాన్ని గోడకు తగిలించే అలవాటును ఇంటింటికీ చేర్చింది ఎక్కువగా ఆ అచ్చు బొమ్మలే.

అంతకుముందు తెలంగాణలో కథ చెప్పే బొమ్మ ఒకచోట కుదురుగా ఉండేది కాదు, ఊళ్లు తిరిగేది. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతలు వేసి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు దించేవారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైబడిన పొడవు ఉండే ఆ గుడ్డను చుట్టగా చుట్టి కథకులు మోసుకుపోయేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయుని కథ, గౌడజెట్టివారు గౌడులకు గౌడపురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు. పాట సాగినకొద్దీ చుట్ట విప్పేవారు. తరువాతి బొమ్మ ఏమిటో చూసేవారికి ముందుగా తెలియకపోవడమే దాని బలం.

ఇప్పుడు చేర్యాల బొమ్మ ఎక్కువగా ఒక్కొక్క ఘట్టంగా, ఇంటి గోడకు సరిపడే కొలతలో తయారవుతోంది. కథ వరస తెగిపోయింది, పాట దూరమైంది. ఇది నష్టమే. అయినా కథకులు తగ్గిపోయిన రోజుల్లో నకాశీ కుటుంబాల చేతిలో కుంచె నిలవడానికి ఈ చిన్న బొమ్మలే ఆసరా అయ్యాయి. ఆ మేరకు ఫ్రేము ఈ కళకు మేలే చేసింది.

తెలంగాణ ఆధునిక చిత్రకారుల మూలాలు వెతికినా ఇలాంటి ఊరి కళల దగ్గరే తేలతాయి. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) నకాశీ గీతను, చదునైన రంగును తన పనిలోకి తెచ్చుకుని బోనాలు, బతుకమ్మ, పల్లె ఆడవాళ్ల శ్రమ గీశారు. మన ఇంటి పండుగ కూడా బొమ్మకు తగిన వస్తువేనని ఆయన చూపించారు.

ఆయన తరువాతి తరంలో కె. లక్ష్మాగౌడ్ 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో, తోట వైకుంఠం 1942లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఇద్దరూ హైదరాబాద్‌లోని లలితకళల కళాశాలలో నేర్చుకుని, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. జానపద కళలను బతికి ఉన్న భాషగా చూడటం ఆయన బోధనలో ముఖ్యమైన సంగతి. దూరాన ఉన్న బరోడా ఈ ఇద్దరినీ తిరిగి సొంత ఊరి వైపే చూసేలా చేసింది. లక్ష్మాగౌడ్ గీతల్లో మేకలు, చెట్లు, ఊరి స్త్రీపురుషులు, దాపరికం లేని దేహవాంఛ కనిపిస్తాయి. వైకుంఠం చిన్నతనంలో ఊరికొచ్చే నాటక సమాజాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చూసి ముగ్ధుడయ్యారు. ఆయన బొమ్మల్లోని నిండైన ఆడవాళ్లకు, పెద్ద బొట్టుకు, మెరిసే చీరకు ఆ జ్ఞాపకమూ తల్లి రూపమూ మూలాలు. ‘దాసి’ సినిమాకు ఉత్తమ కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నదీ ఆయనే. ఆ సినిమాలో దొర గడీ లోపలి జీవితాన్ని తెర మీద నిలబెట్టడానికి చిత్రకారుడి కన్నే పనికొచ్చింది.

బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో, దేనితో తయారైందో తెలిసినవాడే దానికి సరైన కట్టు కట్టగలడు. లక్ష్మాగౌడ్ ఎచింగులనే తీసుకుంటే, రేకు మీద మైనంపూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, సిరా పట్టించి, తడి కాగితం మీద అచ్చు తీస్తారు. కాగితం మీద రేకు అంచు లోతుగా దిగుతుంది. కింద పెన్సిలుతో అది ఎన్నో ప్రతో చెప్పే సంఖ్య, సంతకం ఉంటాయి. కొలత కుదరలేదని అంచు కత్తిరిస్తే ఆ ఆనవాళ్లన్నీ పోతాయి. వైకుంఠం తొలినాళ్లలో గీసిన బొగ్గు చిత్రాల వంటి వాటికి ప్లాస్టిక్ షీటు వేయకూడదు, దాని స్థిరవిద్యుత్తు బొగ్గుపొడిని పైకి లాగేస్తుంది. గాజే వేయాలి, అదీ కాగితానికి తగలకుండా. కాన్వాసు మీది ఆక్రిలిక్‌కు అద్దమే అక్కర్లేదు. చేర్యాల గుడ్డలో గంజి, చింతగింజల ముద్ద ఉంటాయి కనుక పురుగుకూ చెమ్మకూ అది తొందరగా లోనవుతుంది.

కాగితం బొమ్మ గాజుకు తగలకూడదు కనుకే అద్దానికీ బొమ్మకూ నడుమ మౌంట్ ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం కూడా లేని ఆ అట్టను చాలామంది అందం కోసం అనుకుంటారు. దాని అసలు పని గాలికి జాగా ఇవ్వడం. వానాకాలం చెమ్మకు బొమ్మ అద్దానికి అతుక్కుంటే విడదీయడం దాదాపు అసాధ్యం. చవక మౌంటులోని ఆమ్లం కొన్నేళ్లకు కాగితం అంచుల్ని పసుపుపచ్చగా కాలుస్తుంది. వెనుక బిగించే హార్డ్‌బోర్డుతోనూ అదే ప్రమాదం. బొమ్మను అట్టకు పూర్తిగా అతికించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పైఅంచున రెండు చోట్ల పలుచని కాగితపు పట్టీలు, గోధుమపిండి జిగురుతో నిలిపితే చాలు. ఆ జిగురు నీళ్లతో విడిపోతుంది కాబట్టి రేపు ఎవరైనా బొమ్మను క్షేమంగా బయటికి తీయవచ్చు.

ఫ్రేముకు వాడే బద్దను, అంటే బీడింగ్‌ను, 45 డిగ్రీల కోణంలో కోసి నాలుగు మూలలూ వెలుతురు దూరకుండా కలపడం చేతికి అలవాటైన వారికే వస్తుంది. ఆ చెయ్యి మన చిన్న ఊళ్లలో ఉంది. లేనిది అడిగేవారు. గిరాకీ ఉంటే ఆమ్లం లేని మౌంటును కొట్టువాళ్లు నిజామాబాద్ నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించగలరు. అడిగేవారు లేకపోతే ఎవరూ తెప్పించరు.

కోటగిరిలోనైనా బాన్సువాడలోనైనా కొట్టు నడిపేవారు గోడ మీద కాస్త జాగా ఊళ్లో బొమ్మలు వేసేవారికి వదలాలి. బడిలో డ్రాయింగు నేర్పేవారో, సైన్‌బోర్డులు రాసి బతికినవారో దగ్గర్లో ఎవరో ఒకరు ఉండకపోరు. పాఠకులు పటం కట్టించేటప్పుడు అంచు కత్తిరించవద్దని, అట్టకు అతికించవద్దని, మౌంట్ పెట్టమని నోరు తెరిచి చెప్పాలి. ఆ పటాన్ని ఎండ పడే గోడకు, వానకు నానే గోడకు తగిలించకండి.