గంటల ప్రస్తారం

బడి ముందా, గుడి ముందా అంటే వాషింగ్టన్ నగరంలోని మౌంట్ సెయింట్ ఆల్బన్ గుట్ట మీద మహాచర్చి కంటే బడే ముందు. నేషనల్ కేథడ్రల్ స్కూల్ అనే ఆడపిల్లల బడి అక్కడ 1900లో మొదలైంది. పక్కనే ఉన్న మహాచర్చికి శంకుస్థాపన 1907లో జరిగింది. ఆ కట్టడం పూర్తయింది 1990లో. 83 ఏళ్ల ఆ రాతిపనిని చూస్తూ ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దుకుని వెళ్లిపోయారు.

బడి భవనానికి డబ్బిచ్చింది ఫీబీ హర్స్ట్. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ తల్లిగా ఆమె పేరు ప్రసిద్ధం గానీ, పెళ్లికి ముందు ఆమె కూడా పంతులమ్మే. బడి ఎపిస్కోపల్ చర్చిది. అంటే 1912లో డోర్నకల్‌కు బిషప్ అయి, తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా నిలిచిన అజరయ్యగారిది ఏ శాఖో, అదే శాఖకు అమెరికాలో ఉన్న పేరు. నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా ఆడపిల్లలే చదువుతారు. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోతారు. లక్ష్యం కాలేజీ చదువు. ఇలాంటి బడులు అమెరికాలో ఇంకా ఉన్నాయి. దీన్ని దగ్గరగా చూడాలనిపించేది మాత్రం అక్కడి గంటల వల్ల.

చర్చి నడిమి గోపురం 1964లో సిద్ధమైంది. అందులో రెండు జట్ల గంటలున్నాయి. ఒక జట్టులో 53 గంటలు. వాటన్నిటినీ ఒకే మనిషి మీటల ముందు కూర్చుని వాయిస్తాడు. రెండో జట్టులో పదే గంటలు, కానీ వాటికి పదిమంది కావాలి. ఈ పదీ లండన్ వైట్‌చాపెల్ కార్ఖానాలో పోతపోసినవి. ఆ కార్ఖానా పేరుతోనే బడి పిల్లలకు ‘వైట్‌చాపెల్ గిల్డ్’ అనే గంటల బృందం ఉంది. ఆ పిల్లలూ ఈ తాళ్లు పట్టి మోగిస్తారు.

పదింటిలో పెద్ద గంట బరువు సుమారు 1,600 కిలోలు. దాన్ని హైస్కూలు పిల్ల ఎలా లాగుతుంది? పనితనమంతా బిగింపులోనే ఉంది. ప్రతి గంటకూ ఒక పెద్ద చక్రం, చక్రం చుట్టూ తాడు. మోగించే ముందు గంటను ఊపి ఊపి నోరు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా నిలబెడతారు. అక్కడి నుంచి కొంచెం లాగితే చాలు, తన బరువుతో తానే గిర్రున పూర్తి చుట్టు తిరిగి, ఒక్కసారి మోగి, మళ్లీ నోరు పైకెత్తి నిలుస్తుంది. తర్వాతి లాగుడుకు వెనక్కి తిరుగుతుంది. ఇందులో బలంతో పనిలేదు, అంతా అదనులోనే ఉంది.

ఆ అదనులోనే ఒక చిక్కూ ఉంది. తిరిగే గంటను ఆపలేం. పైన నిలిచిన చోట రెప్పపాటు ఎక్కువ పట్టి ఉంచవచ్చు, లేదా కాస్త ముందే దించవచ్చు. కనుక, గంటలన్నీ ఒక్కోసారి మోగడం ఒక వరస అనుకుంటే, ఒక వరస నుంచి మరో వరసకు ఏ గంటైనా ఒక్క స్థానమే జరగగలదు. పాట వాయించడం ఈ గంటలతో కుదరదు. అందుకే ఇంగ్లండులో వందల ఏళ్ల కిందటే పాటను వదిలేసి లెక్కను పట్టుకున్నారు. మన సంగీతగాళ్లు స్వరాలకు, ఛందస్సువాళ్లు గురులఘువులకు ప్రస్తారం వేసినట్టు, అంటే సాధ్యమైన వరసలన్నీ రాసినట్టు, వీళ్లు గంటలకు వేశారు.

నాలుగు గంటలకు అంకెలిచ్చి చూద్దాం: 1234, 2143, 2413, 4231, 4321, 3412, 3142, 1324, మళ్లీ 1234. వీటిలో 1ని మాత్రం వేలితో పట్టుకుని వెళ్లండి. అడుగడుగునా వెనక్కి జరిగి, చివరి స్థానంలో రెండుసార్లు మోగి, అదే దారిన ముందుకొస్తుంది. మిగిలినవీ అంతే. జడకోలాటంలో తాళ్లు అల్లుకుని, మళ్లీ విడివడినట్టు. నాలుగు గంటలకు మొత్తం వరసలు 24. ఆరింటికి 720. పదింటికి 36,28,800. నిండు ప్రదర్శన అంటే అయిదువేల వరసలు, పైగా ఒక్కటీ తిరిగి రాకూడదు. దానికి మూడు గంటల సేపటికి పైగా పడుతుంది. ముందు కాగితం పెట్టుకోరు. అంతా నోటికి రావాలి.

గంట పైఅంతస్తులో ఉంటుంది, లాగేవాళ్లకు కనబడదు. గుండ్రంగా నిలబడిన పదిమందికి కనబడేవి పది తాళ్లే. ఎవరి తాడు దిగాక నా తాడు దిగాలి అన్నది ప్రతి వరసకూ మారిపోతుంటుంది. కళ్లు చుట్టూ తిరుగుతుండాలి, చెవి తన దెబ్బ ఆలస్యమైందో తొందరైందో పట్టుకోవాలి, చేతులు మరుసటి లాగుడుకే దాన్ని సరిదిద్దాలి. ఒకరు తడబడితే తొమ్మిదిమందీ తడబడతారు. కాలేజీకి పిల్లల్ని సిద్ధం చేస్తామని చెప్పని బడి ఉండదు. సిద్ధం కావడమంటే ఏమిటో ఈ తాళ్ల దగ్గర కళ్లకు కడుతుంది. తన లెక్క తనకు తెలియాలి, పక్కవాళ్ల లెక్కా గమనంలో ఉండాలి, తప్పు చేస్తే ఏడుస్తూ కూర్చునే వీలు లేదు.

అయిదువేల వరసలు తిరిగినా ఆఖరుకు గంటలు మొదటి వరసకే, ఒకటి నుంచి పది దాకా వచ్చే ఆ మామూలు దిగుడుకే చేరాలి. అప్పుడు బృందాన్ని నడిపించేవాళ్లు ‘అంతే’ అంటారు. కాసేపు అదే వరస సాగాక ‘నిలపండి’ అంటారు. పది గంటలూ ఒకదాని వెంట ఒకటి నోరు పైకెత్తి ఆగిపోతాయి. కింద రోడ్డు మీద పోయేవాళ్లకు మోగించిందెవరో తెలియదు. పైన పిల్లలు తాళ్లు చుట్టి కొక్కేలకు తగిలించి, సంచులు భుజాన వేసుకుని ఇంటిదారి పడతారు.