అసెంబుల్డా, బ్రాండెడా?

ఇంటర్ పరీక్షలు ముగిసి కాలేజీల్లో చేరే రోజులు వచ్చేసరికి తెలిసినవాళ్ల ఇళ్లలో ఇదే పంచాయితీ. పిల్లలు గేమింగ్ కంప్యూటర్ కావాలంటారు. కంపెనీవాళ్లు బిగించి పెట్టెలో పంపేది కొనాలా, భాగాలు విడివిడిగా కొని ఇంట్లోనే బిగించుకోవాలా అన్నది ఎంతకీ తెగదు. కాస్త ఆశపడితే లక్ష దాటే వ్యవహారం. తండ్రికి వారంటీ బెంగ, కొడుక్కి గ్రాఫిక్స్ కార్డు మీద యావ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఆ ఇంట్లో నేర్చుకోవాలన్న తపన ఉన్నవాళ్లు ఒక్కరున్నా సరే, మొదటి సిస్టమ్ వాళ్ల చేతుల మీదుగానే బిగించాలి. డబ్బు మిగులుతుందని కాదు. మిగలకపోయినా అదే మాట చెబుతాను.

అందరూ మొదలుపెట్టేది డబ్బు దగ్గరే కాబట్టి అది ముందు తేల్చేద్దాం. చాలా ఏళ్లు సొంతంగా బిగించుకున్నదే చవక. కంపెనీ మెషీన్ ధరలో బిగింపు కూలీ, విండోస్ లైసెన్సు, రవాణా, సర్వీసు ఖర్చు, లాభం అన్నీ కలిసి ఉంటాయి మరి. 2021 నాటికి ఆ లెక్క తలకిందులైంది. కరోనా రోజుల్లో చిప్‌ల కొరత వచ్చింది. దానికి తోడు ఈథీరియం మైనింగ్ చేసేవాళ్లు గ్రాఫిక్స్ కార్డుల్ని గంపగుత్తగా ఎత్తుకుపోయారు. మామూలు ధరకు కార్డు దొరకడం గగనమైంది. ఆ కార్డు కోసమే మొత్తం మెషీన్ కొన్నవాళ్లున్నారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం ఆ మైనింగ్ పద్ధతికే స్వస్తి చెప్పింది. ఇప్పుడు ర్యామ్ వంతు వచ్చింది. మెమరీ చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకు మళ్లడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో, పాత ధరకు ర్యామ్ నిల్వ చేసుకున్న కంపెనీ మెషీనే చవగ్గా తేలవచ్చు. ఏది చవక అన్నదానికి ఎప్పటికీ నిలిచే జవాబు లేదు. కొనే వారంలో రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని లెక్క వేసుకోవాల్సిందే.

ఆ రెండు కొటేషన్లలో ఏ భాగానికి ఆ భాగం పూర్తి పేరు రాసి ఉందా లేదా అన్నది ధర కన్నా ముందు చూడాలి. రెడీమేడ్ మెషీన్ పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేవి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పేర్లే. కొనేవాళ్లు చూసేదీ వాటినే. పొదుపంతా మిగతావాటిలో జరుగుతుంది. ర్యామ్ 16 జీబీ అని ఉంటుంది గానీ లోపల ఒకటే స్టిక్. ఎనిమిదేసి జీబీవి రెండు పెడితే ప్రాసెసర్‌కు మెమరీతో రెండు దారులు దొరికేవి, ఆటల్లో ఆ తేడా కంటికి కనబడుతుంది. భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ 600 వాట్లు అని ఉంటుంది, చేసిందెవరో ఉండదు. 80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. కరెంటును ఎంత వృథా కాకుండా వాడుకుంటుందో చెప్పే ముద్ర అది. వోల్టేజి ఎగిసిపడితే మిగతా భాగాల్ని కాపాడుతుందా, ఐదేళ్లు నిలుస్తుందా అన్న హామీ అందులో లేదు. నన్నడిగితే మొత్తం సిస్టమ్‌లో పైసా కూడా తగ్గించకూడని భాగం ఎస్‌ఎంపీఎస్. అది పోతే ఒక్కటే పోతుందన్న నమ్మకం లేదు, పక్కవాటిని కూడా తీసుకుపోవచ్చు.

ఇంతకన్నా కోపం తెప్పించే సరుకు ఇంకొకటుంది. ఆన్‌లైన్‌లో ఇరవై వేలకు ‘ఐ7 గేమింగ్ పీసీ’ అంటూ రంగురంగుల లైట్లతో కనబడుతుంది. ఐ7 అన్న మాట నిజమే. ఆ ఐ7 2011లోనో 2012లోనో వచ్చిన 2600, 3770 రకాలది. పక్కన జీటీ 730 లాంటి కార్డు. అంత పాత ప్రాసెసర్లు విండోస్ 11కు అర్హమైన జాబితాలో లేవు. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. పిల్లలు అడిగేది వాలరెంట్ అయితే, విండోస్ 11లో ఆ ఆట తెరుచుకోవడానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ కావాలి. చిన్న జీతాల మీద బతికే ఇళ్లవాళ్లు పిల్లల ముచ్చట తీర్చాలని కొనేది ఇలాంటివే. ప్రాసెసర్ పూర్తి నంబరు చెప్పని అమ్మకందారు దగ్గర కొనకండి.

బిగింపు ఇంట్లో సాధ్యమవుతున్నదంటే దానికి 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతలు పెద్ద కారణం. మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు, మరలు పడే రంధ్రాలు ఫలానా చోట, ఎస్‌ఎంపీఎస్ ఈ ఆకారంలో అని రాసిపెట్టారు. ముప్పై ఏళ్లు గడిచినా ఒక దేశంలో చేసిన బోర్డు ఇంకో దేశంలో చేసిన కేబినెట్‌లో కూర్చుంటోంది. ఏ కంపెనీ సొత్తూ కాని ఇలాంటి ఏర్పాటు మీద నాకు ఎనలేని గౌరవం. కొన్ని పెద్ద బ్రాండ్లు దీన్ని పక్కనబెట్టి తమ సొంత ఆకారపు బోర్డు, తమకే సరిపోయే పిన్నుల ఎస్‌ఎంపీఎస్ పెడతాయి. మూడేళ్ల తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకుంటే దానికి చాలినంత కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ బయట దొరకదు. బాగా ఉన్న కేబినెట్‌నూ బోర్డునూ మూలన పడేయాల్సి వస్తుంది. అదే మామూలు భాగాలతో చేసుకున్న సిస్టమ్ సంగతి చూడండి. 2017లో రైజెన్ ప్రాసెసర్‌తో పాటు ఏఎం4 సాకెట్ బోర్డు కొన్నవాళ్లు 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను చాలావరకు అదే బోర్డు మీద, బయోస్ అప్‌డేట్ చేసుకుని, వాడుకోగలిగారు. ఐదేళ్ల తర్వాత ఒక్క భాగం మార్చితే యంత్రం మళ్లీ కొత్తదైంది.

మన దగ్గర ఈ రెండు దారులకూ నడుమ మూడోది కూడా ఎప్పటినుంచో ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోట్లో సీటీసీ. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ ఇలాంటివే. భాగాలు మనం ఎంచుకుంటాం, కౌంటర్ వెనక కుర్రాడు బిగించి ఇస్తాడు. ఒకప్పటి నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరానికి పరిచయమైన సిస్టమ్‌లు చాలావరకు ఇలా తయారైనవే. ఆ కుర్రాళ్ల చేతి నేర్పు చూసి తీరాలి, ఇరవై నాలుగు పిన్నుల కనెక్టరును చూడకుండానే నొక్కేస్తారు. కాకపోతే రద్దీ రోజున పని వేగంగా సాగుతుంది. కేబుళ్లు కట్టకపోవడం, వెనక స్లాట్ల రేకులు తీసి మళ్లీ పెట్టకపోవడం జరుగుతుంటాయి. పక్కన నిలబడి చూడండి, అడగండి, ఏమీ అనుకోరు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. ప్రాసెసర్ డబ్బాలో వచ్చిందా, ట్రే సరుకా అన్నదీ కనుక్కోండి. డబ్బా సరుకుకు మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది, ట్రే సరుకుకు చాలాసార్లు దుకాణదారు మాటే వారంటీ.

కిందటేడు మా మేనల్లుడి సిస్టమ్ భాగాలు సీటీసీలోనే కొన్నాం. బిగించి ఇస్తామన్నారు, వాడు వద్దన్నాడు. డబ్బాలన్నీ బస్సులో హనుమకొండ చేర్చి, భోజనాల బల్ల మీద పరిచాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు గానీ చెయ్యి పెట్టనివ్వలేదు. ప్రాసెసర్ మూలన బంగారు రంగు త్రికోణం ఉంటుంది, సాకెట్ మూలన అలాంటి గుర్తే ఇంకొకటి. రెండూ కలిపి, వేళ్లతో అంచులు పట్టి, నొక్కకుండా వదిలాడు. ఏఎం5 సాకెట్‌లో 1718 సన్నటి పిన్నులుంటాయి, వేలు తగిలితే వంగిపోతాయి. ఆ తర్వాత సాకెట్ పక్కనున్న కడ్డీని కిందికి దించాలి. అది తేలిగ్గా దిగదు. ఏదో విరిగిపోతున్నంత గట్టిగా ఉంటుంది, కొత్తవాళ్లందరూ అక్కడ ఆగిపోతారు. వాడూ ఆగి, బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఇంకోసారి చూసుకుని, బొటనవేలితో నెమ్మదిగా నొక్కుతూ పోయాడు. నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఎగిరి బల్ల మీద పడింది. అది అలాగే ఎగరాలి. వాడు ఆ మూతను బోర్డు డబ్బాలో దాచాడు, రేపు బోర్డును వారంటీకి పంపాల్సి వస్తే సాకెట్‌ను కప్పడానికి కావాలి కాబట్టి. థర్మల్ పేస్టు బఠాణీ గింజంత పెట్టి, కూలర్ అడుగున అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీసి, నాలుగు మరల్నీ ఒకేసారి బిగించకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాడు.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. నిమిషం దాటింది, రెండు దాటాయి. మా బావగారు కుర్చీలోంచి లేచి, “ఏరా, పోయినట్టేనా?” అన్నారు. “పోలేదు నాన్నా, డీడీఆర్5 కదా, మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకుంటుంది. కదపకుండా ఉండాలి” అన్నాడు వాడు. ఇంకాసేపటికి తెర వెలిగింది. బావగారు అప్పటిదాకా బ్రాండెడ్ కొనాల్సింది అనే అంటున్న మనిషి. ఆ తర్వాత కేబుళ్లు కట్టేటప్పుడు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డారు.

వాడు నేర్చుకున్నదేమిటో ఎండాకాలంలో తెలిసింది. ఆట మధ్యలో సిస్టమ్ నెమ్మదించి, ఆగిపోవడం మొదలైంది. వాడే ఫోన్ చేశాడు. “ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గరుంది మామయ్యా. మూత తీసి చూస్తే కేబుల్ ఒకటి జారి కూలర్ ఫ్యాన్‌కు అడ్డం పడింది. కట్టేశాను, ఇప్పుడు 70 దాటట్లేదు” అన్నాడు. సలహా కోసం కాదు, చెబుదామని చేశాడు. తన చేత్తో పెట్టిన ఫ్యాన్ కాబట్టి ఎక్కడ చూడాలో వాడికి తెలుసు. మూత ఎప్పుడూ తీయని ఇంట్లో ఇదే చిక్కు వస్తే మెషీన్ సర్వీస్ సెంటర్‌కు పోయి వారం కూర్చునేది. నేను బిగించుకోమనేది ఇందుకే.

మన ఊళ్లలో ఇది మరీ అవసరం. ఈ మెషీన్లను తయారుచేసేవాళ్ల మనసులో ఉండేది చల్లటి గది. మన గదిలో మే నెలలో మధ్యాహ్నం నలభైకి దగ్గరగా ఉంటుంది. అందుకని ముందువైపు అద్దం ఉన్న కేబినెట్ చూడ్డానికి ఎంత బాగున్నా వద్దు, గాలి పీల్చుకునే జాలీది తీసుకోండి. జాలీ ఉంటే దుమ్మూ వస్తుంది, ఫిల్టరు నెలకోసారి దులపాలి. వెనక స్లాట్ల రేకులు తెరిచి ఉంచితే బొద్దింకలు, బల్లులు వెచ్చదనానికి లోపల చేరతాయి. ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి పడి అంతా కాలిపోయిన సిస్టమ్‌ను చూసినవాళ్లకు నేను ఎందుకింతగా చెబుతున్నానో అర్థమవుతుంది. పక్క అద్దం తీసినప్పుడు నిలువుగా టైల్స్ మీద ఆనించవద్దు. టెంపర్డ్ గ్లాస్ అంచుకు పింగాణీ గట్టిగా తగిలితే పలక మొత్తం ఒక్కసారిగా పొడిపొడి అవుతుంది. మంచం మీద పరుపుపై పడుకోబెట్టండి.

యూపీఎస్ సంగతి అమ్మేవాళ్లు సరిగా చెప్పరు. 600 వీఏ అని ఉన్నది సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తుంది. 250 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి ఆట నడుస్తుండగా ఆ హద్దు దాటతాయి. కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. ఇంట్లోది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు దానితో కుదురుగా పనిచేయవు. ఖర్చు లెక్క వేసేటప్పుడే వీటికీ ఒక గీత గీసి పెట్టుకోవాలి.

రెడీమేడ్ కొనవద్దని ఎవరికీ చెప్పను. విడిభాగం పాడైతే దాన్ని పట్టుకుని సికింద్రాబాద్ దాకా రాలేని ఊళ్లో ఉన్నవాళ్లకు, ఇంటికొచ్చి బాగుచేసే మూడేళ్ల సర్వీసు చాలా విలువైనది. పనికి పోయి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి గంటసేపు ఆడుకుందామనుకునే మనిషికి కేబుళ్లతో కుస్తీ పట్టే ఓపిక ఎక్కడిది? వాళ్లు కొనాలి. అయితే మూత తీస్తే వారంటీ పోతుందా, ర్యామ్ మనమే వేసుకోవచ్చా అన్నవి డబ్బు కట్టేముందే అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. పోతుందంటే ఆ మెషీన్ వదిలేసి ఇంకోటి చూడటం మేలు.

ఇంటికి వచ్చాక స్విచ్ వేయకుండా ముందు పక్క పలక తెరవండి. దారిలో కదలకుండా లోపల నురుగు దిండ్లు కుక్కి పంపుతుంటారు, అవి తీయాలి. గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లోంచి జారిందేమో చూడాలి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి. అది తప్పుచోట పెట్టి ముప్పై వేల కార్డును నెలలపాటు ఖాళీగా ఉంచిన ఇళ్లున్నాయి. బయోస్‌లోకి పోయి ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయకపోతే 6000 వేగం అని కొన్న ర్యామ్ సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది. మానిటర్ 144 హెర్ట్జ్‌ది అయినా విండోస్ 60 దగ్గర వదిలేసి ఉండవచ్చు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి. లోపలి భాగాల మీదున్న సీరియల్ నంబర్లన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మొత్తం గంట పని. అడిగి కొనిపించుకున్న పిల్లల చేతే చేయించండి.