అద్దం అవతలి సముద్రం, ఇవతలి కుటుంబం

వంటింటి గురించి మనం చాలా రాశాం. పడగ్గది గురించి, పురిటి గది గురించి, ఆఫీసు గురించి కూడా రాశాం. సెలవురోజు గురించి మాత్రం పెద్దగా రాయలేదు. కుటుంబమంతా కలిసి సరదాగా ఎక్కడికన్నా వెళ్ళొచ్చిన రోజులో విమర్శకి ఏం దొరుకుతుందిలే అనుకుంటాం. నిజానికి కుటుంబం నలుగురికీ కనబడేలా తనని తాను ప్రదర్శించుకునేది ఆ రోజే. ఎవరు ముందు నడుస్తారు, నీళ్ళ సీసాల సంచీ ఎవరి భుజానికి ఉంటుంది, ఫొటోలో ఎవరుంటారు, బాత్రూము దగ్గర చెప్పులూ పిల్లలూ పట్టుకుని ఎవరు నిలబడతారు... ఇవన్నీ చదవగలిగితే అదీ ఒక పాఠమే.

మాది నెల్లూరు జిల్లా అల్లూరు. ఇసకపల్లి రేవు మా మండలంలోనే ఉంది. సముద్రం మాకు కొత్త కాదు. అయినా పోయిన వేసవిలో అమ్మా, అన్నా వదినా, వాళ్ళ పిలకాయలిద్దరూ, నేనూ కలిసి ఓ నగరంలో అక్వేరియం చూసొచ్చాం. తీరం పక్కన బతికేవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని సముద్రాన్ని చూడ్డానికి వెళ్ళడంలో వింతేమీ లేదు. మా రేవులో కనబడేది చచ్చిన చేప. గంపలోనో, తూకంలోనో, కత్తిపీట మీదో ఉంటుంది. అక్కడున్నది బతికున్న చేప. పులుసులో తప్ప చూడని దాన్ని ఈదుతుండగా చూడాలన్న కుతూహలం న్యాయమైనదే.

అక్కడి బోర్డులే నన్ను ఆపేశాయి. ప్రతి తొట్టి పక్కనా ఇంగ్లీషు పేరు, లాటిన్ పేరు, ఎక్కడ దొరుకుతుంది, ఏం తింటుంది అనే వివరాలు. సొర ఉన్న తొట్టి దగ్గర దాని పళ్ళ గురించీ, వేటాడే తీరు గురించీ రాశారు. అమ్మ అది చదవలేదు. చేపని చూసి, ‘సొర గదా! నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ నాకు నెల్లాళ్ళు పాలసొర వండిపెట్టింది’ అంది. మా అన్న కొడుకు చుట్టూ చూసి, ‘గట్టిగా మాట్లాడబాక నానమ్మా, ఇవి తినేవి కాదు’ అన్నాడు.

ఆ పసివాడి సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించాలి. మన తీరమంతటా బాలింతకి పాలు పడాలని పాలసొర పెడతారు. బోర్డు మీద కోరలున్న వేటగత్తె అయిన సొర, అమ్మ జ్ఞాపకంలో బిడ్డకి పాలిచ్చే చేప. రెండూ సొర గురించిన జ్ఞానాలే. ఒకటి గోడకెక్కింది. రెండోది గుసగుసగా మాట్లాడాల్సినదయింది. టేకు చేప ఏ నెలలో రుచిగా ఉంటుందో, పండుగప్పని మొప్పలెత్తి ఎలా ఎంచుకోవాలో తెలిసిన ఆడవాళ్ళు ఆ గదుల్లోంచి ఏమీ తెలియనివాళ్ళలా నడుచుకుంటూ పోతున్నారు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది. ఇక్కడ ఆమెకి తెలిసిన పేర్లనే మరిచిపొమ్మంటున్నారు.

పిలకాయలు అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడింది నారింజ, తెలుపు చారల చేప దగ్గర. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా పుణ్యమాని అది ప్రపంచంలో పిల్లలందరికీ చుట్టం. ‘ఇది అమ్మ, ఇది నాన్న, ఇది పాప’ అని ఒక తల్లి తన బిడ్డకి చూపిస్తోంది. మనం చేపల్లో కూడా మన కుటుంబాన్నే వెతుక్కుంటాం. ఆ చేపల సంగతి వేరు. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడచేప, పెత్తనం దానిదే. అది చచ్చిపోతే దానితో జతకట్టిన మగచేప ఆడచేపగా మారుతుంది. సినిమా మొదట్లోనే తల్లిని చంపేసి, తండ్రిని చివరిదాకా తండ్రిగానే ఉంచింది. పక్క తొట్టిలో సముద్రపు గుర్రం ఉంది. దాంట్లో గుడ్లని సంచిలో మోసి పిల్లల్ని బయటికి వదిలేది మగది. ‘ప్రకృతి సహజం’ అని మనకి రోజూ చెప్పే పెద్దలు ఈ రెండు తొట్ల ముందూ కాసేపు నిలబడాలి.

అసలు అక్వేరియం అనే వస్తువు చరిత్రలోనే ఆడవాళ్ళున్నారు. జాన్ విల్‌ప్రూ పవర్ ఫ్రాన్సులో బట్టలు కుట్టిన మనిషి. పెళ్ళయి సిసిలీలోని మెస్సీనాలో స్థిరపడింది. ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి తన గుల్లని తనే తయారు చేసుకుంటుందా, ఇంకో జీవి వదిలేసిన దాంట్లో దూరుతుందా అన్నది అప్పట్లో పండితుల తగాదా. దాన్ని తేల్చడానికి ఆమె 1832లో గాజు తొట్లు చేయించి, బతికున్న జీవుల్ని వాటిలో పెట్టి గమనించింది. గుల్ల దాని సొంతమేనని రుజువు చేసింది. ‘అక్వేరియం’ అనే మాటని జనంలోకి తెచ్చిన కీర్తి మాత్రం 1854లో ఆ పేరుతో పుస్తకం రాసిన ఫిలిప్ గాస్‌కి దక్కింది.

1846లో ఆనా థిన్ అనే ఆమె టార్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. నీళ్ళకి గాలి తగలకపోతే అవి చచ్చిపోతాయి. అందుకని కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తుండాలి. రోజూ అరగంట, ముప్పావుగంట ఆ పని చేసింది ఇంట్లో పనిమనిషి. ఆనా పేరన్నా కొన్ని పుస్తకాల్లో ఉంది. నీళ్ళు పోసిన చేతుల పేరు ఎక్కడుంది?

మన దగ్గర ఈ కథ మద్రాసులో మొదలవుతుంది. దేశంలో మొదటిదిగా చెప్పే అక్వేరియం 1909లో అక్కడి మెరీనాలో తెరిచారు. దాని వెనకున్న ఆలోచన మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్‌ది. దక్షిణ భారతదేశపు కులాల మీద, తెగల మీద ఆయన రంగాచారి సాయంతో చేసిన ఏడు సంపుటాలు వెలువడిందీ అదే 1909లో. అప్పటికి నెల్లూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి పట్టికలకెక్కించిన చూపే, చేపల్ని వరసగా అద్దాల వెనక పెట్టింది. తీరంలో చేపలు పట్టే కులాలు ఆ సంపుటాల్లో వర్ణించాల్సిన వస్తువులు. చేపల గురించి చెప్పగల జ్ఞానులు కాలేకపోయారు. నూరేళ్ళు దాటినా గోడమీది బోర్డు పద్ధతి పెద్దగా మారలేదు.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. బడి సెలవులూ సరిగ్గా అప్పుడే. అంటే పట్నం అక్వేరియం కిటకిటలాడే రోజుల్లోనే మా రేవులో గంపలు బోర్లించి ఉంటాయి. ఈ నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2019లో పదివేలు, 2025లో ఇరవై వేలు చేశారు. అది వేటకి వెళ్ళేవాళ్ళ లెక్క ప్రకారం వస్తుంది. ఒడ్డున చేపలు కొని, గంపెత్తుకుని ఊళ్ళు తిరిగే ఆమె తనంతట తానుగా ఆ లెక్కలోకి రాదు. మగవాడి భార్యగా వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

నేను చేపలు కొనే ఇంట్లో పుట్టాను, పట్టే ఇంట్లో కాదు. మా ఇంటికి ఏళ్ళ తరబడి చేపలు తెస్తున్న ఆమెకి ఈ విహారం గురించి చెబితే, రంగుల గురించి అడగలేదు. ‘అన్ని నీళ్ళు యెవురు మారుస్తారమ్మా? ఆ అద్దాలు యెవురు తుడుస్తారు?’ అంది. నా పరిశోధనలో నేర్చుకున్న ప్రశ్నలేవీ ఇంత సూటిగా లేవు. లండన్ ఇంట్లో నీళ్ళు పోసిన పనిమనిషి, నగరంలో తెల్లవారుజామున తొట్లు కడిగే మనిషి, విహారానికి ముందు నాలుగింటికే లేచి పులిహోర కలిపిన మా వదిన... అందరూ ఆ ప్రశ్నలో ఉన్నారు. మిగిలినవాళ్ళు తేలిగ్గా చూడగలగడానికి అవసరమైన పనంతా వాళ్ళది.

కాబట్టి అక్వేరియానికి వెళ్ళొద్దని నేననను. పిలకాయలు బతికున్న చేపని చూడాలి. బోర్డు మీద తెలుగు పేరూ ఉండాలి, ఆ చేప గురించి తీరంలో ఆడవాళ్ళకి తెలిసినదీ ఉండాలి. వాళ్ళని కూర్చోబెట్టి అడిగి రాస్తే ఖర్చేమీ కాదు. బోర్డులు మారేదాకా మనం చేయగల పని ఒకటుంది. అక్కడ ఏ అమ్మన్నా ‘ఇది సొర గదా’ అంటే, ఆమెని గట్టిగా మాట్లాడనివ్వడం.