సమృద్ధి ఎవరిది?

ఉత్పత్తి పెరిగితే చాలు, లేమి శాంతియుతంగా దానంతటదే అంతరిస్తుందని వాదించేవారున్నారు. ఈ వాదానికి గీటురాయి గోదావరి సీమే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. క్షామం ఎరిగిన డెల్టా ధాన్యాగారమయింది. దీన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఆ కాలువలు దిగువకే పారాయి. ఎగువనున్న కోరుకొండ మెట్ట చెరువునూ వాననూ నమ్ముకునే బతికింది.

పోనీ, నీరందిన చోట లేమి తీరిందా? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ధాన్యం అమ్మితే పెట్టుబడి కూడా రావడం లేదన్నది వారి ప్రధాన ఆవేదన. నాట్లు లేని చేలల్లో కూలీకి పని లేదు. లేమికి మూలం ఉత్పత్తి సంబంధాల్లోనే ఉన్నదని ఇంతకన్న రుజువేం కావాలి?

శాంతియుత పరివర్తన అసాధ్యమని కాదు. దానికి చట్టమూ, ఆ చట్టం వెనుక ప్రజల సంఘటిత శక్తీ కావాలి. 2011లో కౌలుదారుకు రుణార్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. 2019 నాటి చట్టం సాగుహక్కు పత్రానికి భూయజమాని అంగీకారాన్ని షరతు చేసింది. యజమాని సంతకం పెట్టకపోతే దున్నేవాడికి హక్కెక్కడిది?

కరువు మీద కన్నీరు కార్చడం రచయితకు కష్టం కాదు. నిండిన గాదె పక్కన పస్తున్నవాణ్ణి చూపించగలిగినప్పుడే అభ్యుదయ సాహిత్యం తన బాధ్యత నెరవేర్చినట్లు.