కాళిదాసుని మృగయలు: యత్నము, దైవము

వేటయందలి తృప్తి యత్నఫలమా, దైవలబ్ధమా? ఈ ప్రశ్నకు కాళిదాసుడు వర్ణించిన రెండు మృగయలు సమాధానము చెప్పుచున్నవని మేము తలంచుచున్నాము.

రఘువంశ నవమసర్గమున దశరథుని వేట సర్వసన్నాహములతో గూడినది. మంత్రుల సమ్మతి కలదు. వేటకుక్కలతో, వలలతో పరిజనులు ముందుగనే యడవి జొచ్చి, కార్చిచ్చు భయమును, దొంగల భయమును దొలగించిరి. శాకుంతలమున దుష్యంతుడో, లేడి పరుగిడిన దిక్కున కెల్ల రథము తోలించి, తలవని తలంపుగా నాశ్రమప్రాంతమును జేరెను. మొదటిది యత్నప్రధానము, రెండవది దైవప్రధానము అనుట సులభము. కాని యీ విభాగము చాలదు.

శాకుంతల ద్వితీయాంకమున సేనాపతి మృగయను బొగడుచు, కదలు గురిని గొట్టుట విలుకాని ఘనతగా జెప్పును. గురి కదలనిచో నేర్పునకు తావెక్కడిది? కావున వేటలో దైవము యత్నమునకు ఒరగల్లు వంటిది.

మరి తృప్తి యెచ్చట? ఆడులేడి తన మగనికి అడ్డు నిలువగా దశరథుడు ఎక్కుపెట్టిన బాణమును దించెను. తాపసులు వారింపగా దుష్యంతుడును దించెను. చక్రవర్తియగు పుత్రుడు కలుగునని దీవెన బడసెను. ఆ దశరథుడే తమసాతీరమున కడవ నిండు చప్పుడును ఏనుగు ధ్వనిగా నెంచి, కనుగొనకయే బాణము విడిచెను. గురి తప్పలేదు, తాపసకుమారుడు కూలెను, పుత్రశోకశాపము తగిలెను.

దించిన బాణమునకు పుత్రాశీస్సు, విడిచిన బాణమునకు పుత్రశోకము! యత్నమును దైవమును రెండును అనుకూలించిన క్షణమున చేతిని నిలుపగల వివేకమే వేటకానికి నిజమైన తృప్తి నొసగునని కాళిదాసుని హృదయముగా మేము గ్రహించితిమి.